నిలువు - అడ్డం: రెండు మాటల వెనక చరిత్ర

1

మా బడిలో పదో తరగతి దాకా చదువుకొని వెళ్లిన అమ్మాయి ఒకతె ఈ మధ్య ఒక సాయంత్రం మా ఇంటికొచ్చింది. చేతిలో ఉద్యోగ ప్రకటన కాగితాలున్నాయి. వెనకబడిన కులాలకు చెందిన పిల్ల. తండ్రి తాపీపని చేస్తాడు. డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తోంది. కాగితాల్లో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకొచ్చింది. మహిళలకు సమాంతర రిజర్వేషన్ వర్తిస్తుందని ఆ వాక్యం చెబుతోంది.

'సార్, మీరు తెలుగు సారు గదా, సమాంతరమంటే ఏందో సరిగ్గ చెప్పండి' అన్నది.

ఎంత దూరం పొడిగించినా కలవని గీతలను సమాంతర రేఖలంటారని చెప్పాను. రైలు పట్టాలు చూపించి చెప్పే పాత పాఠమే.

'అట్లయితే నేను బీసీల గీత మీదున్నట్టా, ఆడోళ్ల గీత మీదున్నట్టా? రెండూ కలవయంటున్నరు గదా!'

ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ని, ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులాగి రమ్మన్నాను. ఆ రెండు రోజులు కాస్తా రెండు నెలల చదువయింది. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

ముందు ఆ కాగితంలోని చిక్కు విప్పుదాం. ఇంగ్లీషులోని హారిజాంటల్ అన్న మాటకు మన శాస్త్ర పరిభాషలో 'క్షితిజ సమాంతరం' అని పేరు. క్షితిజానికి, అంటే నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే హద్దుకు, సమాంతరంగా వున్నదని అర్థం. ఆ సమాసం బారెడున్నదని కాబోలు, కార్యాలయాలూ పత్రికలూ ముందు పదాన్ని వదిలేసి 'సమాంతరం' ఒక్కటే మిగిల్చుకున్నాయి. దాంతో అర్థం తలకిందులయింది. మహిళల రిజర్వేషన్ కులాల రిజర్వేషన్లను అడ్డంగా దాటుకుంటూ, ప్రతి దానితోనూ కలుస్తూ పోతుందని చట్టం చెబుతోంది. అవి ఎన్నటికీ కలవవని మన తెలుగు మాట చెబుతోంది. తప్పు ఆ అమ్మాయి తెలివిది కాదు, మన అనువాదానిది.

ఇక్కడొక పెద్ద ప్రశ్న వుంది. నిలువు, అడ్డం అన్న రెండు మాటలు గణితం నుంచి భౌతికశాస్త్రానికీ, అక్కణ్నించి భాషాశాస్త్రానికీ, సమాజశాస్త్రానికీ, చరిత్రకూ, చివరికి న్యాయస్థానానికీ ఎరువుపోయాయి. పోయిన చోటల్లా అవి ఒకే అర్థం ఇస్తున్నాయా? దారిలో ఏం వదిలేశాయి, ఏం తగిలించుకున్నాయి? విమర్శలో ఈ మాటలు వాడుతున్న మనం ఈ లెక్క తేల్చుకోవాల్సి వుంది.

2

తెలుగులో ఈ రెండూ పండితుల మాటలు కావు. నిలబడి వున్నది నిలువు. అడ్డంలో అడ్డుకోవటం వుంది. దారికి అడ్డంగా పడిన మాను దారిని ఆపుతుంది. ఇంగ్లీషు హొరైజన్‌కు మూలమైన గ్రీకు పదానికి హద్దు గీయటమని అర్థం. వర్టికల్‌కు మూలమైన లాటిన్ పదానికి నడినెత్తి అనీ, శిఖరమనీ అర్థం. వాళ్ల మాటలు పైకీ దూరానికీ చూసి పుట్టాయి. మన మాటలు నిలబడటంలోనూ నిలవేయటంలోనూ పుట్టాయి.

పలుకుబళ్లు చూడండి. మొక్కు తీర్చుకోవటానికి ఒంటి మీది నగలన్నీ హుండీలో వేస్తే నిలువుదోపిడి ఇచ్చారంటాం. నమ్మినవాడు మోసగిస్తే నిలువునా ముంచాడంటాం. పనికి రానన్న కూలీని చూసి కామందు 'అడ్డం తిరిగాడు' అంటాడు. అదే కూలీ కూలిరేటు కోసం గట్టిగా నిలబడ్డాననే అంటాడు గాని అడ్డం తిరిగానని తనంతట తాను అనుకోడు. అంటే ఏది అడ్డమో చెప్పేది ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న సంగతి. ఇది మొదట గుర్తుపెట్టుకోవాలి.

శైవుల అడ్డబొట్టూ వైష్ణవుల నిలువు నామాలూ మరో సంగతి చెబుతాయి. ఈ రెండు గీతల కోసం మన దేశంలో శతాబ్దాల తరబడి వాదాలు నడిచాయి. కాని నుదుటి మీది నిలువు గీత అడ్డగీత కన్నా ఎత్తయినదేమీ కాదు. అది గుర్తు మాత్రమే. వస్త్రంలోనూ అంతే. పడుగు నిలువు పోగులనీ పేక అడ్డం పోగులనీ అంటాం గాని, గుంటమగ్గం మీద పడుగు నిలబడి వుండదు, నేలకు సాపుగానే పరుచుకొని వుంటుంది. అక్కడ నిలువంటే పొడవు, అడ్డమంటే వెడల్పు.

నిజమైన నిలువు ఎక్కడుంది? ఆ అమ్మాయి తండ్రి చేతిలో వుంది. గోడ కట్టేటప్పుడు ఆయన దారానికి ఇనప గుండు కట్టి వదులుతాడు. గుండు ఊగటం ఆగి దారం ఏ దిక్కున నిలిచిందో అది నిలువు. ఆ దారాన్ని నిటారుగా వుంచేది గుండు బరువు. బరువు తీసేస్తే దారం నలిగి కింద పడుతుంది, నిలువన్నదే లేకుండా పోతుంది. అడ్డాన్ని ఆయన నీళ్ల గొట్టంతోనో రసమట్టంతోనో తేలుస్తాడు. నీరు ఒక చోట ఎక్కువ ఎత్తులో మరో చోట తక్కువ ఎత్తులో నిలవదు గనక దాని మట్టమే అడ్డానికి కొలత.

మేం పిల్లల చేత నోటుపుస్తకంలో నిలువు గీత గీయిస్తాం. పుస్తకం బల్ల మీద పడుకొని వుంటుంది. అందులో నిలువుకూ అడ్డానికీ తేడా ఏమీ లేదు. పుస్తకం పక్కకు తిప్పితే నిలువు అడ్డమవుతుంది. గోడను అట్లా తిప్పలేం. కాబట్టి ఈ వ్యాసంలో నాకు దొరికిన కొలబద్ద ఇది: ఎవరైనా ఏదైనా నిలువు అన్నప్పుడు, అక్కడ బరువుందా అని అడగాలి. బరువు వుంటే అది గోడ నిలువు. లేకుంటే కాగితం నిలువు.

3

ఈ రెంటినీ మొదటిసారి శాస్త్రీయంగా విడదీసి చూపినవాడు గెలీలియో. 1638లో అచ్చయిన 'రెండు కొత్త శాస్త్రాలు' అన్న గ్రంథంలో, విసిరిన వస్తువు చలనంలో రెండు చలనాలు కలిసివున్నాయని ఆయన నిరూపించాడు. అడ్డంగా పోయే చలనం ఒకే వేగంతో సాగుతుంది. నిలువుగా పడే చలనం క్షణక్షణం వేగం పుంజుకుంటుంది. రెండూ కలిసి పరావలయం గీస్తాయి గాని ఒకదాని పని ఒకటి చెడగొట్టదు. గాలి అడ్డు లేదనుకుంటే, సమతలమైన నేల మీద, ఒక ఎత్తు నుంచి జారవిడిచిన రాయీ, అదే ఎత్తు నుంచి అడ్డంగా ఎంత బలంగానైనా విసిరిన రాయీ ఒకే క్షణంలో నేల తాకుతాయి.

ఈ సూత్రాన్ని సమాజానికి ఉన్నదున్నట్టు అతికించటం తప్పే. అయినా పాలమూరు వలస కూలీని తలుచుకోకుండా నేనీ పాఠం చదవలేను. దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలకు మట్టి మోశారు, రాళ్లు కొట్టారు. వేల మైళ్లు అడ్డంగా ప్రయాణం చేశారు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పు మాత్రం ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

పటంలో చూస్తే కృష్ణానది పడమటి నుంచి తూర్పుకు అడ్డంగా గీసిన గీత. నీటికి మాత్రం అది నిలువు గీత. మహాబలేశ్వరం కొండల నుంచి సముద్రానికి దిగే మెట్లదారి. అందుకే జనం తూర్పు, పడమర అనకుండా ఎగువ, దిగువ అంటారు. ఆ నది తెలంగాణలో అడుగుపెట్టేది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. అయినా 1855 నాటికి బెజవాడ ఆనకట్ట కింద డెల్టా పొలాలకు నీళ్లందాయి, ఎగువన వున్న పాలమూరు వలసల జిల్లాగా పేరుపడింది. కారణం నదికి పక్షపాతం వుండటం కాదు. దిగువకు నీళ్లు తమ బరువుతో తామే పోతాయి. ఎత్తున వున్న పొలానికి వాటిని ఎక్కించాలంటే యంత్రం కావాలి, కరెంటు కావాలి, పెట్టుబడి కావాలి, వాటన్నిటికన్నా ముందు పాలకులకు ఆ ఉద్దేశం వుండాలి. పటం అడ్డంగా చూపించినదాన్ని నీరు నిలువుగా చెప్పింది. చరిత్ర చదివేవాళ్లకు ఇది మంచి హెచ్చరిక.

4

ఇక మన రంగానికి వద్దాం. ఫెర్డినాండ్ ద సస్యూర్ ఉపన్యాసాలను ఆయన చనిపోయాక శిష్యులూ సహచరులూ 1916లో పుస్తకంగా తెచ్చారు. వాక్యంలో ఒకదాని పక్కన ఒకటి వచ్చే పదాల మధ్య ఒక సంబంధం వుంటుంది. ఒక పదం బదులు రాగలిగి రాకుండా వుండిపోయిన పదాలతో మరో సంబంధం వుంటుంది. మొదటిదాన్ని అడ్డం గీతగానూ, రెండోదాన్ని నిలువు గీతగానూ చూపించటం తరవాతి పాఠ్యపుస్తకాల్లో అలవాటయింది. 1956లో రోమన్ యాకొబ్సన్ ఎంపిక, కూర్పు అన్న పేర్లతో దీన్ని సాహిత్యానికి విస్తరించాడు.

'రైతు భూమి దున్నాడు.' ఇది అడ్డం వరస. రైతు అన్న చోట పాలేరునో, జీతగాణ్నో, కౌలుదారునో పెట్టవచ్చు. ఇది నిలువు వరస. భాషాశాస్త్రం దృష్టిలో ఈ పేర్లన్నీ సమానమే, ఏ పేరుకూ బరువు లేదు. అదే చోట కామందును పెట్టి చూడండి. 'కామందు భూమి దున్నాడు' అని వ్యాకరణం ఒప్పుకుంటుంది గాని మన చెవి ఒప్పుకోదు. 'కామందు భూమి దున్నించాడు' అంటేనే కుదురుతుంది. కర్తను మార్చేసరికి క్రియ ప్రేరణార్థకంలోకి పోయింది. దున్నినవాడు వాక్యంలోంచే మాయమయ్యాడు. కాగితం నిలువు అనుకున్నదాంట్లో గోడ నిలువు దాగివుందన్న మాట. నవల రాసేవాళ్లు ఈ 'ఇంచు' ప్రత్యయాన్ని ఎక్కడ వాడుతున్నారో చూసుకుంటే తమ కథకుడు ఎవరి పక్కన నిలబడ్డాడో తెలుస్తుంది.

వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో కూడా ఈ రెండు గీతలూ వున్నాయి. 1913లో గిడుగు రామమూర్తి విజ్ఞాపన, 1914లో గురజాడ అసమ్మతి పత్రం గ్రాంథికాన్ని నిలదీశాయి. వాడుకభాష అంటే ఎవరి వాడుక అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ఏ జిల్లాది అన్నది అడ్డం ప్రశ్న. ఏ కులానిది, ఏ వర్గానిది అన్నది నిలువు ప్రశ్న. శిష్ట వ్యావహారికం అన్న పేరులోనే రెండో ప్రశ్నకు జవాబు ఇమిడి వుంది. తరవాతి కాలంలో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు దేశాన్ని పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూపారు. మొదటి ప్రశ్నకు ఆధారాలతో సమాధానమివ్వటం అక్కడ మొదలైంది. ఆయన చేసిన మరో పని మనం అంతగా పట్టించుకోలేదు. ఆయన నడిపిన మాండలిక వృత్తి పదకోశాల్లో 1962లో వ్యవసాయ పదాలూ, 1971లో చేనేత పదాలూ వచ్చాయి. మాండలికమంటే ఊరి యాస ఒక్కటే కాదని, చేతిపనిలో పుట్టిన మాట కూడా మాండలికమేనని ఆ సంపుటాలు నిలబెట్టాయి. నిఘంటువు ఎక్కని కింది అంతస్తును ఎక్కించాయి.

మన కథల్లో ఇవాళ జిల్లాల యాసలు దండిగా వినిపిస్తున్నాయి. సంతోషించాల్సిందే. కాని ఒకే ఊళ్లో దొర మాటా మాదిగ మాటా ఒకే యాసలో, ఒకే పదజాలంతో రాసేసి మాండలిక కథ అనిపించుకుంటున్న రచనలు కూడా వున్నాయి. అవి అడ్డం సంగతి తేల్చుకొని నిలువు సంగతి మర్చిపోయిన రచనలు.

5

సమాజశాస్త్రంలోకి ఈ మాటలను గట్టిగా దించినవాడు పితిరిమ్ సొరోకిన్. రష్యా నుంచి 1922లో బహిష్కృతుడై అమెరికా చేరి, 1927లో సామాజిక చలనం మీద పుస్తకం రాశాడు. ఒకే స్థాయిలో ఒక చోటి నుంచి మరో చోటికి మారటం అడ్డం చలనం. స్థాయి పెరగటం, తరగటం నిలువు చలనం. మా ఉపాధ్యాయులకు ఇది చెప్పకుండానే తెలుసు. బదిలీ అడ్డం, ప్రమోషన్ నిలువు.

ఈ విభజన ఉపయోగపడేదే. కాని ఇందులో ఒక లోపం వుంది. సొరోకిన్ నిలువులో మనుషులు ఎక్కుతారు, దిగుతారు. మెట్లు ఎవరు కట్టారు, పై మెట్టు కింది మెట్టు మీద ఎంత బరువు మోపుతోంది అన్నది ఆ లెక్కలో వెనక్కిపోతుంది. మార్క్స్ 1859లో పునాది, ఉపరితలం అన్న పోలిక తెచ్చినప్పుడు నిలువు బొమ్మే గీశాడు, అయితే అది తాపీవాడి నిలువు. ఏది దేన్ని మోస్తోందో చెప్పే బొమ్మ. ఆ బొమ్మను యాంత్రికంగా పట్టుకొని అన్నీ ఆర్థికంలోంచే నేరుగా పుడతాయనేవాళ్లు బయలుదేరితే, 1890లో ఎంగెల్స్ బ్లాక్‌కు రాసిన ఉత్తరంలో, ఉపరితలం కూడా తిరిగి పునాది మీద పనిచేస్తుందని గుర్తుచేయాల్సివచ్చింది. మన విమర్శలో ఆ ఉత్తరం అవసరం ఇంకా తీరిపోలేదు.

కులం విషయంలో నిలువుకు అసలు అర్థం చెప్పినవాడు అంబేడ్కర్. 1920లో 'మూక్‌నాయక్' మొదటి సంచికలోనే ఆయన హిందూ సమాజాన్ని నిచ్చెన లేని అంతస్తుల కట్టడంతో పోల్చాడు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. 1936లో 'కుల నిర్మూలన'లో, కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని వివరించాడు. నా దృష్టిలో ఈ రెండో మాట చాలా లోతైనది. శ్రామికులంతా ఒకే బరువు కింద వున్నారు గనక వాళ్ల మధ్య అడ్డం సంబంధం ఏర్పడాలి. ఆ అడ్డాన్నే కులం ముక్కలు చేసి ఒక ముక్క మీద మరో ముక్క పేర్చింది. ప్రతివాడికీ పైన ఒకడున్నట్టే కింద ఒకడున్నాడు. పైవాడి మీది కోపం కిందివాడి మీది ఆధిక్యతలో కరిగిపోతుంది. మనం నిచ్చెనమెట్ల వ్యవస్థ అంటున్నాం. ఎక్కటానికి వీల్లేని నిచ్చెన అది అని కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి.

6

చరిత్ర రచనలో ఈ రెండు మాటలూ బాహాబాహీకి దిగాయి. 1967లో లాయిడ్, సుజానే రుడాల్ఫ్ దంపతులు భారత రాజకీయాలను వివరిస్తూ, ఊరి పెద్ద తన మీద ఆధారపడినవాళ్లందరినీ వెంటేసుకొని రావటాన్ని నిలువు సమీకరణ అన్నారు. ఒకే స్థాయివాళ్లు తమ సంఘం కింద తాము కూడటాన్ని అడ్డం సమీకరణ అన్నారు. దొర చెప్పిన గుర్తుకు ఊరంతా ఓటేయటం మొదటిదానికి ఉదాహరణ. ఇది చూడని పల్లె మనకు లేదు.

1982లో సబాల్టర్న్ అధ్యయనాల మొదటి సంపుటంలో రణజిత్ గుహ ఈ విభజనను జాతీయోద్యమ చరిత్రకు వర్తింపజేశాడు. ఉన్నత వర్గాల రాజకీయాల్లో సమీకరణ నిలువుగా, పై నుంచి, చట్టం గీసిన హద్దుల్లో జాగ్రత్తగా జరుగుతుంది. అణగారిన వర్గాల్లో అది అడ్డంగా, బంధుత్వం వెంట, ఊరి నుంచి ఊరికి, వర్గ సంఘాల ద్వారా, ఒక్కసారిగా భగ్గుమంటూ జరుగుతుంది. నాయకులు పిలిచారు, జనం కదిలారు అన్న పాఠ్యపుస్తకాల చరిత్రకు ఇది గట్టి దెబ్బ. జనం తమంతట తాము కదిలిన చరిత్ర ఎక్కడ అని అడగటం అప్పటి నుంచి తప్పనిసరి అయింది.

తెలంగాణను ఈ వెలుగులో చూద్దాం. దేశ్‌ముఖ్, పటేలు, పట్వారీ, వాళ్ల కింద వెట్టి. ఇది నూటికి నూరుపాళ్లు బరువున్న నిలువు. ఒక్కో కులం తన వృత్తి రూపంలో దొరకు వెట్టి చేసేది. చాకలి బట్టలుతికేది, కుమ్మరి కుండలిచ్చేవాడు, మాదిగ చెప్పులు కుట్టేవాడు. అందరూ ఒకే గడీకి చేసినా ఎవరి గీత వారిదే. సంఘం వచ్చి ఆ గీతల మధ్య అడ్డం దారి వేసింది. పాలకుర్తిలో అయిలమ్మ పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా కాపాడినవాళ్లు ఆమె కులంవాళ్లు మాత్రమే కాదు, సంఘంవాళ్లు. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి దొడ్డి కొమరయ్యను బలిగొంటే ఊళ్లకు ఊళ్లు లేచాయి. గుహ చెప్పిన అడ్డం సమీకరణకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అయితే ఇక్కడే ఆగితే సగం చరిత్రే చెప్పినట్టు. పార్టీ కూడా వుంది, దళాలకు ఆదేశాలు కూడా వున్నాయి. అంటే అడ్డంగా వచ్చిన కదలికకు ఒక నిలువు నిర్మాణం కూడా వుంది. అది లేకుండా రజాకార్లనూ సైన్యాన్నీ అన్నేళ్లు ఎదుర్కోవటం సాధ్యమయ్యేది కాదు. అడ్డం మంచిది, నిలువు చెడ్డది అని తీర్పులిచ్చేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. మరోవైపు, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ పోరాటంలోని స్త్రీల చేత మాట్లాడించింది. తుపాకి పట్టినవాళ్లు, కబుర్లు మోసినవాళ్లు, పిల్లల్ని వదిలి అడవుల్లో తిరిగినవాళ్లు, 1951లో పోరాటం ముగిశాక మళ్లీ ఇంటికే పొమ్మంటే ఎంత నలిగిపోయారో చెప్పుకున్నారు. దూరం నుంచి సమంగా కనిపించిన గీత దగ్గరికెళ్లి రసమట్టం పెడితే ఏటవాలుగా తేలింది. ఆ సంగతి చెప్పినందువల్ల పోరాటం చిన్నదయిపోలేదు. చెప్పకపోతే మన కొలత తప్పయ్యేది.

7

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పగలను.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్వీసు నిబంధనల్లో 22-ఎ అన్న నిబంధన చేర్చి, ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం కేటాయించింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఈలోగా 1992 నవంబరు 16న మండల్ కేసు తీర్పు వచ్చింది. అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన బి.పి. జీవన్‌రెడ్డి రాసిన ప్రధాన తీర్పులో రిజర్వేషన్లు రెండు రకాలన్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలవి నిలువు. వికలాంగుల వంటి వారివి అడ్డం. అడ్డం నిలువును దాటుకుంటూ పోతుంది, రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకొని వుంటాయి. మహిళల కేటాయింపు కూడా ఈ అడ్డం రకంలోనిదే.

2007లో రాజస్థాన్ కేసులో అదే కోర్టు లెక్క వేసి చూపించింది. ఎస్సీలకు 19 పోస్టులున్నాయి, అందులో మహిళల వాటా 4. ముందు ఎస్సీల్లో మార్కుల వరసన 19 మందిని తీయాలి. అందులో నలుగురు స్త్రీలుంటే జాబితా ముట్టుకోనక్కరలేదు. ఇద్దరే వుంటే తరవాతి ఇద్దరు ఎస్సీ స్త్రీలను తీసుకొని, అడుగున వున్న ఇద్దరిని తప్పించాలి. నలుగురి కన్నా ఎక్కువ వుంటే వుండనివ్వాలి, స్త్రీలని తీసేయకూడదు.

లెక్క తేటగానే వుంది గాని ఒక మెలిక మిగిలింది. ఓపెన్ కేటగిరీలోని మహిళల సీట్లకు బీసీ స్త్రీ పోటీ పడవచ్చా? ఉత్తరప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుళ్ల నియామకంలో, జనరల్ మహిళల్లో చివరగా ఎంపికైనామె కన్నా ఎక్కువ మార్కులొచ్చిన బీసీ స్త్రీలను కూడా నీ గీతలోనే వుండమన్నారు. 2020 డిసెంబరు 18న సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. ఓపెన్ అంటే అందరికీ తెరిచినదనీ, అది పై కులాలకు కేటాయించిన మరో గీత కాదనీ తేల్చింది. 1992 నుంచి 2020 దాకా ఇరవై ఎనిమిదేళ్లు. నిలువూ అడ్డమూ కలిసే చోట నిలబడిన ఆడమనిషికి ఆ మాత్రం మాట వినిపించటానికి అన్నేళ్లు పట్టింది.

ఇక్కడ నా కొలబద్ద మళ్లీ తీస్తాను. చట్టం కులాన్ని నిలువనీ స్త్రీని అడ్డమనీ అన్నది పట్టిక గీసుకోవటానికి, బరువు తూచి కాదు. ఆడవాళ్ల మీద బరువు లేదని దాని అర్థం కాదు. నిలువు ఒక్కటే బరువైనదనీ అడ్డం తేలికదనీ అనుకుంటే కాగితం మీది గీతను గోడ అనుకున్నట్టే. అట్లాగే ఒక్కో నిలువు లోపల మళ్లీ మెట్లుంటాయి. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగింది అదే. 2004లో కాదన్న సుప్రీంకోర్టు, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో వర్గీకరణకు దారి ఇచ్చింది.

మన సాహిత్యం ఈ దారిలోనే నడిచింది. 1993లో 'నీలిమేఘాలు' స్త్రీవాద కవిత్వాన్ని ఒక చోట చేర్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' దళిత కవిత్వాన్ని చేర్చింది. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. రెండూ కలిసే చోట వున్న దళిత స్త్రీ ఏ సంకలనంలో వుండాలి? 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని గోగు శ్యామల 'నల్లపొద్దు'గా తెచ్చేదాకా ఆ ప్రశ్నకు నిండు జవాబు దొరకలేదు. ఎనభై ఏళ్ల రాత అప్పటికే వుంది. దాన్ని చూసే పట్టిక మన దగ్గర లేదు. న్యాయస్థానానికి ఆలస్యమైందని మనం నవ్వటానికి లేదు.

కాబట్టి విమర్శకులుగా మనం చేయాల్సిన పని ఒకటుంది. నిలువు, అడ్డం అన్న మాటలు వాడేముందు ఇది పట్టికా, గోడా అని అడగాలి. గోడ అయితే ఏది దేన్ని మోస్తోందో చెప్పాలి. పట్టిక అయితే గళ్లు కలిసే చోట ఎవరున్నారో వెతకాలి. రెండూ చేయని విమర్శ మనుషుల్ని గళ్లల్లో సర్దే గుమాస్తా పనిగా మిగులుతుంది.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. గళ్ల కాగితం మీద గీతలు గీసి, నువ్వు ఏదో ఒక గీత మీద లేవు, రెండూ కలిసే గడిలో వున్నావు, ఆ గడిలోంచి ఓపెన్ గడికి కూడా నీకు హక్కుంది అని చెప్పాను. సమాంతరం బదులు పడుగు పేక అంటే బాగుండేది, అవి ప్రతి పోగు దగ్గరా కలుస్తాయి అన్నాను. కాసేపు చూసి, 'మా నాయనకైతే ఇట్ల చెప్తే తెలుస్తది సార్' అన్నది.

తరవాత కాగితాలు మడిచి పెట్టుకుంటూ అడిగింది: 'మరి ప్రకటన రాసేటోళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలె?'

ఆ ప్రశ్న నన్నొక్కణ్నే అడిగిందని నేననుకోవటం లేదు.